తాండూరులో సముద్రం

తాండూరులో సముద్రం ఎక్కడుందని అడిగితే ఎవరైనా నవ్వుతారు. కంది చేలు ఎక్కడని అడగండి, చూపిస్తారు. సిమెంటు ఫ్యాక్టరీ ఎక్కడని అడగండి, పొగగొట్టం చూపిస్తారు. నాపరాళ్ల గురించి అడగనే అక్కర్లేదు. రైలు దిగి కాస్త దూరం నడిస్తే పాలిషింగ్ మిషన్ల రొద చెవిన పడుతుంది, తెల్లటి దుమ్ము చెప్పులకు అంటుతుంది. ఊరి పక్కన కాగ్నా నది ఉంది కానీ ఎండాకాలం వచ్చిందంటే అందులో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిందే.

అయితే ఆ ఊళ్లో ఒక ఇంట్లో మాత్రం ఈ ప్రశ్నకు జవాబుంది. డెబ్బై దాటిన తాత వసారాలో పరిచిన నీలం బండను చేతికర్రతో టకటకా కొట్టి "ఈడనే ఉంది" అంటాడు.

ఆయన చాదస్తం కాదది. చిన్నతనం నుంచీ గనిలో సుత్తి, ఉలి పట్టి బండలు లేపిన మనిషి. ఎప్పుడో గని చూడటానికొచ్చిన సర్వే ఆఫీసరు ఒకాయన చెప్పాడట, ఈ రాయంతా సున్నపురాయేననీ, కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేదనీ, దాని అడుగున పేరుకున్న మెత్తటి మట్టే పొర మీద పొరగా గట్టిపడి ఇలా రాయి అయిందనీ. ఆ మాట నిజం. ఇటు తాండూరు నుంచి అటు కర్ణాటకలోని షాబాదు దాకా ఉన్న రాతి నేలంతా అలా పుట్టిందే. బండ సరిగ్గా పలకలుగా విడిపోయేది అందుకే. ఒక పొర పేరుకున్నాక కొంత విరామం, ఆ తర్వాత ఇంకో పొర. ఆ సందులో ఉలి పెట్టి దెబ్బ వేస్తే చాలు. హైదరాబాద్‌లో ఎన్నో పాత ఇళ్ల నేలలు ఈ బండలే. అంటే ఆ ఇళ్లలో జనం ఇన్నేళ్లూ సముద్రపు అడుగున చాప పరచుకుని అన్నం తిన్నారన్నమాట!

ఈ కథ తాత అందరికీ చెప్పాడు. కొడుకు వినలేదు. మనవరాలు వింది. తంటా అంతా అక్కడే మొదలైంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. తోటి పిల్లలంతా ఎంసెట్ పుస్తకాలు (పేరు మారినా ఆ ఇంట్లో ఇంకా ఎంసెటే) ముందేసుకుని కూర్చుంటే ఆమె ఎన్‌డీఏ పరీక్ష పుస్తకం తెచ్చుకుంది. నేవీలో చేరాలట. చేరి తెరచాప పడవ మీద పసిఫిక్ దాటాలట. సంకల్పం చెబుతున్నప్పుడు నవ్వకుండా విన్నది తాత ఒక్కడే.

అసలు విత్తనం వేసింది కూడా ఆయనే. 2018 మే నెలలో పేపర్లో వచ్చిన ఒక ఫొటోను ఆయన కత్తెరతో కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచాడు. తెల్లటి పడవ మీద నిలబడ్డ ఆరుగురు ఆడపిల్లలు. మన నేవీ ఆఫీసర్లు. ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే ఆ పడవ పొడవు 55 అడుగులు. తాత దాన్ని అడుగులతో కొలిచి చూపించాడు. ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెడితే ఎదురింటి గోడ దాకా వచ్చింది, అంతే. అంత చిన్న పడవలో వాళ్లు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న మళ్లీ గోవాకే వచ్చారు. మొత్తం 254 రోజులు. గాలే ఇంధనం, తెరచాపే చోదకశక్తి. మధ్యలో ఆగింది ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. చివర్లో చుక్కాని ఇబ్బంది పెడితే అనుకోకుండా మారిషస్‌లో.

ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. విశాఖ అంటే సరే, పుట్టినప్పటి నుంచీ సముద్రం కళ్లముందే. మిగతా వాళ్ల ఊళ్లు చూడండి. కెప్టెన్ వర్తికా జోషిది ఉత్తరాఖండ్‌లోని రిషికేశ్. ప్రతిభా జమ్వాల్‌ది హిమాచల్‌లోని కులు. పాయల్ గుప్తాది డెహ్రాడూన్. విజయాదేవిది మణిపూర్. ఐశ్వర్యది హైదరాబాద్. ఆరుగురిలో ఐదుగురు సముద్రం కనిపించని ఊళ్ల పిల్లలే!

పదేళ్ల వయసులో ఆ అమ్మాయికి తాత చదివి వినిపించిన వార్తలో ఆమె చెవిలో ఉండిపోయింది ఈ ఊళ్ల పేర్లే. "కులుల కూడా సముద్రం లేదు కదా తాతా" అందట. "లేదు బిడ్డా, ఆడ మంచు కొండలు" అన్నాడట. "మరి తాండూరుల లేకుంటే ఏమైతది?" దానికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. ఉన్నా చెప్పేవాడు కాదేమో.

తారిణి ప్రయాణంలో అన్నింటికంటే కష్టమైన ఘట్టం పసిఫిక్‌దే. డిసెంబరులో న్యూజిలాండ్ వదిలితే జనవరిలో పోర్ట్ స్టాన్లీ చేరేదాకా దాదాపు నలభై రోజులు. దక్షిణాన నలభై డిగ్రీల అక్షాంశం దాటితే గాలికి అడ్డుపడే నేల లేదు. భూమి చుట్టూ అదే పనిగా వీస్తుంది. పాతకాలపు నావికులు ఆ ప్రాంతాలకు 'గర్జించే నలభైలు', 'రంకెలేసే యాభైలు' అని పేర్లు పెట్టుకున్నారు. ఆ దారిలో తారిణి పెద్ద తుపానులో చిక్కుకుంది. అంతస్తుల ఎత్తు అలలు. ఎముకలు కొరికే చలి. పడవ మీద ఉన్నవాళ్లు నడుముకు తాడు కట్టుకుని దాన్ని పడవకు తగిలించుకునే పని చేయాలి. వంతులవారీగా నిద్ర, వంతులవారీగా కాపలా. అన్నీ దాటి 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొస, కేప్ హార్న్ చుట్టి వచ్చారు. తెరచాప పడవల వాళ్లకు అది ఎవరెస్ట్ ఎక్కడంతో సమానం.

ఆ మహాసముద్రంలోనే అంతర్జాతీయ దినరేఖ కూడా ఉంది. తూర్పుకు వెళ్తూ దాన్ని దాటితే నిన్నటి తేదీ మళ్లీ వస్తుంది. ఒకే తేదీని రెండుసార్లు బతకొచ్చు. మనవరాలు గ్లోబు తిప్పి ఇది వివరిస్తే తాత చాలాసేపు ఆలోచించి అడిగాడు. "అయితే ఆ దినం కూలి రెండుసార్లు ఇస్తరా?"

సముద్రపు ఆటలు ఇంట్లోకి ఇంకోదారిలో కూడా వచ్చాయి. 2024లో ఒలింపిక్స్ జరిగింది పారిస్‌లో. కానీ సర్ఫింగ్ పోటీలు మాత్రం అక్కడికి పదిహేను వేల కిలోమీటర్ల పైచిలుకు దూరాన, పసిఫిక్ నడిమధ్యనున్న తహితి దీవిలో పెట్టారు, తేహుపో అనే ఊరి దగ్గర. బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెదీనా అల మీంచి గాల్లోకి లేచి, పక్కనే నిటారుగా పలకతో సహా, చూపుడువేలు ఆకాశానికెత్తి నిలబడ్డ ఫొటో అప్పట్లో ప్రపంచమంతా చూసింది. ఆ ఇంట్లో కూడా చూశారు. పదేళ్ల తమ్ముడు మర్నాడే ప్లైవుడ్ ముక్క ఒకటి సంపాదించి, బండల దుమ్ము కుప్ప మీంచి జారి, మోకాలు చెక్కించుకున్నాడు. తల్లి పసుపు పెడుతూ అక్కని తిట్టింది. అన్యాయమే కానీ ఇళ్లలో న్యాయం అలాగే జరుగుతుంది.

అలల మీద పలక వేసుకుని నిలబడటం నిన్నమొన్న పుట్టిన విద్య కాదు. హవాయి, తహితి దీవుల వాళ్లకు అది తరతరాల ఆట. హవాయిలో రాజులూ ఆడేవారు, సామాన్యులూ ఆడేవారు. 19వ శతాబ్దంలో బయటి మనుషులు, బయటి రోగాలు, బయటి కట్టుబాట్లు వచ్చిపడి ఆ ఆట దాదాపు అడుగంటింది. దాన్ని మళ్లీ లేపి ప్రపంచానికి చూపించినవాడు డ్యూక్ కహనమోకు. 1890లో హొనొలులులో పుట్టాడు. 1912, 1920 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకాలు తెచ్చాడు. ఈత పోటీలకు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడే పలక చెక్కుకుని అలల మీద నిలబడి చూపించాడు. ఇప్పుడు మన విశాఖ రుషికొండ దగ్గర కుర్రాళ్లు బోర్డు చంకన పెట్టుకుని నీళ్లలోకి పరిగెత్తుతున్నారంటే ఆ దీవుల వాళ్ల చలవే.

మరి తేహుపోలో అంత పెద్ద అల ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ గాలి లేని రోజు కూడా వస్తుందే! అమ్మాయి ఫిజిక్స్ పుస్తకంలో తరంగాల పాఠం ఉంది కానీ ఈ సంగతి లేదు. ఆ అల పుట్టేది వేల కిలోమీటర్ల దక్షిణాన, తారిణి దాటిన ఆ గర్జించే నలభైలలోనే. అక్కడి తుపాను నీటిని కొడితే ఆ దెబ్బ అలలై రోజుల తరబడి ప్రయాణించి దీవుల ఒడ్డున విరుగుతుంది. 1963లో వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్త న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా పసిఫిక్ పొడవునా పరికరాలు పెట్టి ఈ అలల్ని వెంబడించాడు. అంటార్కిటికా దగ్గర పుట్టినవి పది వేల కిలోమీటర్లకు పైగా నడిచి భూమధ్యరేఖ దాటి ఉత్తరాన అలాస్కా తీరానికి చేరాయి. ప్రయాణం చేసేది నీరు కాదు, దెబ్బ. ఒకరికి ప్రాణాంతకమైన తుపానే, కొన్నాళ్లకు ఇంకొకరికి ఆట.

ఈ అలల్ని చదవడంలో పసిఫిక్ దీవుల వాళ్లను మించినవాళ్లు లేరు. దిక్సూచి లేకుండా, పటం లేకుండా, నక్షత్రాలు, పక్షులు, అలల తీరు చూసి వేల కిలోమీటర్లు పోయేవాళ్లు. చాలామంది పండితులు అది కట్టుకథ అన్నారు. గాలికి కొట్టుకుపోయి ఏదో దీవికి చేరి ఉంటారన్నారు. 1975 నాటికి హవాయి వాళ్లు పాతకాలపు పద్ధతిలో రెండు దోనెల పడవ కట్టారు. పేరు హొకులేయ. దాన్ని నడిపించడానికి మైక్రోనేషియాలోని సతవాల్ అనే చిన్న దీవి నుంచి మావు పియాయిలుగ్ అనే నావికుణ్ని పిలిపించుకున్నారు. ఆయన ఏ పరికరమూ లేకుండా హవాయి నుంచి తహితికి దారి చూపాడు. నక్షత్రాలు కనిపించనప్పుడు అలలు పడవను ఎటు నుంచి ఊపుతున్నాయో ఒంటితోనే పసిగట్టడం ఆయన విద్య. ఈ సంగతి విన్న తాతకు ఆశ్చర్యం వేయలేదు. బండ మీద సుత్తితో తట్టి, మోతను బట్టి ఎక్కడ పగులుందో చెప్పే చేతులాయనవి. "పనిల దిగినోనికి తెలుస్తది" అని ఊరుకున్నాడు.

అన్నీ విన్న తల్లి ఒక రోజు కందిపప్పు చెరుగుతూ అడిగింది. "మనోళ్లు ఎవరన్న పోయిన్రా ఆ దీవులకు?"

పోయారు. సాహసం కోసం కాదు, కూటి కోసం. ఫిజీ దీవుల్లో చెరకు తోటలకు కూలీలు కావాల్సి తెల్లవాళ్లు 1879లో కలకత్తా నుంచి మనుషుల్ని తీసుకెళ్లడం మొదలుపెట్టారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా తెలుగువాళ్లు, తమిళులు కూడా ఓడెక్కారు. ఐదేళ్ల ఒప్పందం. అగ్రిమెంట్ అనే మాట నోట నలిగి 'గిర్మిట్' అయింది. 1916లో ఓడలు ఆగేలోగా అరవై వేల మందికి పైగా వెళ్లారు. ఎక్కువమంది తిరిగి రాలేదు. తెలుగువాళ్లు 1941లో అక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, బళ్లు నడిపారు. తరాలు మారి ఇంట్లో మాట ఫిజీ హిందీ అయినా పేర్లలో, పండగల్లో తెలుగు ఆనవాళ్లు మిగిలాయి.

ఆ దీవుల చుట్టూ పగడపు దిబ్బలుంటాయి. సర్ఫింగ్ చేసేవాళ్లకు ఫిజీలో క్లౌడ్‌బ్రేక్ అంటే తీర్థయాత్ర లాంటిది. పగడపు దిబ్బకు తగిలి లేచే అల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అదే ఫిజీలో, ఇంకో చోట, 1884 మే నెలలో కూలీల్ని తెస్తున్న 'సిరియా' అనే ఓడ నసీలాయి దిబ్బను గుద్దుకుని బద్దలైంది. యాభై తొమ్మిది మంది చనిపోయారు. సముద్రానికి ఆట తెలియదు, కూలీ తెలియదు.

ఇది చెప్పకుండా ఉండాల్సిందేమో. ఎందుకంటే వినకూడని మనిషి గుమ్మంలో నిలబడి విన్నాడు.

తండ్రికి నీళ్లంటే భయం. భయం అనే మాట ఆయన ఒప్పుకోడు, 'పడదు' అంటాడు. ఇరవై ఏళ్ల కిందట ఆయన తమ్ముడు, పదిహేడేళ్లవాడు, ఊరి బయట వదిలేసిన గని గుంతలో ఈతకు దిగి పైకి రాలేదు. తవ్వకం ఆగిపోయిన గుంతల్లో వాన నీళ్లు నిలిచి పచ్చగా, నిమ్మళంగా కనిపిస్తాయి. అంచులు మెట్లు మెట్లుగా కాక నిట్టనిలువుగా దిగుతాయి. దిగినవాడికి పట్టుకోను రాయి అందదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో పిల్లల్ని చెరువు గట్టుకు కూడా పోనివ్వలేదు. అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా బడి వాళ్లు కోట్‌పల్లి ప్రాజెక్టుకు తీసుకెళ్తే, అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని కయాకింగ్ పడవలెక్కితే, ఈమె మాత్రం ఒడ్డున చెప్పుల దగ్గర కాపలా కూర్చుంది. నాయినమ్మ మీద ఒట్టు పెట్టించి పంపారు మరి. ఆ రోజు చెప్పుల వరస ముందు కూర్చుని ఆమె ఏమనుకుందో ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి తాత ట్రంకు పెట్టె తెరిచి పేపరు ముక్క మాత్రం తీసి దగ్గర పెట్టుకుంది.

"నేవీ లేదు గీవీ లేదు" అన్నాడు తండ్రి ఆ సాయంత్రం. "ఇంజనీరింగ్ చదువు. ఎంత ఫీజైనా నేను కడతా."

"ఫీజు లేదు డాడీ దీనికి. ఆడపిల్లలకు అప్లికేషన్ కూడా ఫ్రీ" అంది అమ్మాయి. వాదనలో గెలిచింది కానీ మాట నెగ్గలేదు.

ఆమె చెప్పింది నిజమే. సుప్రీంకోర్టు 2021లో జోక్యం చేసుకున్నాకే ఎన్‌డీఏ తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. తొలిసారి 2022లో అమ్మాయిలకు 19 సీట్లిస్తే అందులో నేవీకి మూడే. ఆ బ్యాచ్ అమ్మాయిలు పదిహేడు మంది 2025 మే 30న శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. అంతకు సరిగ్గా ముందు రోజు, మే 29న, తారిణి రెండోసారి ప్రపంచం చుట్టి గోవా చేరింది. ఈసారి అందులో ఉన్నది ఇద్దరే. లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప. ఎనిమిది నెలల ప్రయాణం. దారిలో, జనవరి 30న, పాయింట్ నెమో మీదుగా వెళ్లారు. దక్షిణ పసిఫిక్‌లో నేలకు అన్నింటికంటే దూరంగా ఉన్న చోటది. ఏ దిక్కున చూసినా కనీసం 2,688 కిలోమీటర్ల దాకా చిన్న దీవి కూడా లేదు. ఒక్కోసారి అక్కడున్నవాళ్లకు దగ్గరి మనుషులు అంతరిక్ష కేంద్రంలో తిరిగే వ్యోమగాములేనట. ఈ రెండు వార్తలూ వరసగా రెండు రోజుల పేపర్లలో వస్తే తాత మళ్లీ కత్తెర తీశాడు.

తండ్రి ఒక్కడే అయితే ఎలాగో నచ్చజెప్పుకునేది. అటు నుంచి మేనమామ కూడా తయారయ్యాడు. ఆయన అడ్డం చెప్పడానికి కారణం నీళ్లు కాదు, చెట్లు.

తల్లి పుట్టిల్లు పూడూరు మండలంలో, దామగుండం అడవి పక్కన. రామలింగేశ్వరుడి గుడి, గుండాలు, నెమళ్లు, వానాకాలం వస్తే పచ్చని దుప్పటి కప్పినట్టుండే గుట్టలు. ఆమె చిన్నప్పుడు మేకలు కాసింది అక్కడే. ఆ అడవిలో 2,900 ఎకరాలు నేవీ రాడార్ స్టేషన్‌కు ఇచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేశారు. జనం నోట అది రాడార్ కానీ నిజానికి జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రం. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగలేవు. చాలా తక్కువ పౌనఃపున్యమున్న తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా పోగలవు. వాటిని పంపడానికి ఎత్తయిన టవర్లు, పెద్ద జాగా కావాలి. తమిళనాడులోని తిరునల్వేలి దగ్గర 1990 నుంచి ఇలాంటిది ఒకటుంది. రెండోది ఇదే. సముద్రానికి ఇంత దూరాన వికారాబాద్ గుట్టల్లో నిలబడి, నీళ్ల కింద ఉన్నవాళ్లకు కబురు పంపుతారన్నమాట.

దేశానికి అది అవసరమేనని నేవీ అంటుంది. కాదనడానికి ఆధారం ఎవరి దగ్గరా లేదు. కానీ లక్షల చెట్లు పోతాయని, మూసీ పుట్టే చోటే ఎండిపోతుందని పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లు కోర్టులకెక్కారు, ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. గుడికి దారి ఉంటుందని, చెట్లను వీలైనంత వరకు కాపాడతామని చెప్పినా, మేకలు మేపుకునేవాడికి ఆ హామీలో మేత కనిపించదు. రెండు వైపులా న్యాయం ఉన్న తగాదాలు తీరవు. ఎవరో ఒకరు ఓడిపోయి ఊరుకుంటారు, అంతే.

"మా అడివి గుంజుకున్నోళ్ల కొలువే దొరికిందా నీకు?" అన్నాడు మేనమామ పండక్కి వచ్చినప్పుడు. అమ్మాయి తల దించుకుంది. ఆమెకూ ఆ అడవి ఇష్టమే. సెలవుల్లో అమ్మమ్మ ఇంటికెళ్తే సీతాఫలాలు ఏరుకొచ్చింది అక్కడే. కాసేపటికి అంది. "లోపలున్నోళ్లల్ల ఒక్కరికన్న ఆ చెట్ల పేర్లు తెలిసుండాలె కద మామా."

మామ ఏమీ అనలేదు. తల్లి కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. అది ఆ మాటకో, మిరపకాయల ఘాటుకో తెలియదు.

ఆ రాత్రి తాత కొడుకును వసారాలో కూర్చోబెట్టుకున్నాడు. అనంతగిరి గుట్టల గురించి మొదలుపెట్టాడు. ఆ గుట్టల మీద పడ్డ వాన ఒక పక్కకు పోతే మూసీ, ఇంకో పక్కకు పోతే కాగ్నా. మూసీ తూర్పుకు పోయి, హైదరాబాద్ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమటికి పోయి, కర్ణాటకలో భీమలో పడి, భీమతో పాటు అదే కృష్ణలో కలుస్తుంది. "అడ్డం పెడితే చుట్టు తిరిగి పోతది గానీ, పోకుంట ఆగుతదా?" అన్నాడు.

"నీళ్ల సంగతి నాకు చెప్పకు నాయినా" అన్నాడు కొడుకు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. పోయిన కొడుకు ఫొటో గోడ మీద ఉంది. దాని కింద కూర్చుని ఇంకా ఏం మాట్లాడతారు?

తెల్లారి తండ్రి పనికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "ముందు ఈత రావాలె. ఈత వచ్చినంకనే ఫారం."

ఎన్‌డీఏలో చేరడానికి ఈత వచ్చి ఉండాలనే నియమమేమీ లేదు, అక్కడే నేర్పుతారు. ఆ సంగతి అమ్మాయికి తెలుసు. అయినా చెప్పలేదు. తెలివైన పిల్ల.

తాండూరులో ఆడపిల్లకు ఈత నేర్పేదెవరు? హైదరాబాద్ పంపాలంటే హాస్టలు, ఖర్చు, క్లాసులు. ఆ సమస్య పరిష్కారం ఎవరూ ఊహించని చోట నుంచి వచ్చింది. మేనమామ ఫోన్ చేశాడు. "మా బాయి ఉన్నది కద. తోలుకరా బావా."

ఆదివారం పొద్దున్నే తండ్రీకూతుళ్లు బండి మీద వెళ్లారు. వ్యవసాయ బావి. ఒక పక్క మెట్లున్నాయి. ఆ ఏడు వానలు బాగా పడి నీళ్లు పైదాకా ఉన్నాయి. మామ ఖాళీ నూనె డబ్బా మూత బిగించి, తాడుతో ఆమె వీపుకు కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు. ఆమె చుడీదార్ కొంగు నడుముకు బిగించుకుని మెట్లు దిగింది. మోకాళ్ల లోతు. నడుము లోతు. అక్కడ ఆగింది. పసిఫిక్ దాటుతానన్న పిల్లకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"వదిలెయ్యి బిడ్డా, డబ్బా మోస్తది" అన్నాడు మామ.

వదిలింది. మునిగింది. ముక్కులోకి నీళ్లెక్కి, దగ్గి, తేలింది. మళ్లీ మెట్టు పట్టుకుంది. ఆ రోజంతా ఇదే పని. రెండో ఆదివారానికి చేతులు ఆడాయి. మూడో ఆదివారం డబ్బాతో అటు గోడ దాకా వెళ్లి వచ్చింది. తండ్రి ప్రతిసారీ వచ్చాడు. బావికి వీపు పెట్టి, మోటారు గది అరుగు మీద, ఆమె చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. చప్పుడు వినిపించినంతసేపు ఫోన్ చూసేవాడు. చప్పుడు ఆగితే తల తిప్పేవాడు.

ఐదో ఆదివారం మామ డబ్బా విప్పేశాడు. తండ్రికి చెప్పలేదు. ఆమె మెట్టు మీద నుంచి ముందుకు వాలి నీళ్లను తోసింది. బావి అడ్డంగా ఇరవై అడుగులు కూడా ఉండదు. అటు గోడ తాకి, రాయి పట్టుకుని, ఊపిరి తీసుకుంది. అప్పుడు చప్పుడు ఆగింది. తండ్రి లేచి నిలబడి బావి అంచుకొచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి, లోపలికి తొంగిచూశాడు. మెట్ల మీద ఖాళీ డబ్బా కనిపించింది. కింద, అవతలి గోడ దగ్గర, కూతురి తల కనిపించింది.

"ఇగ చాలు, పైకి రా!" అని అరిచాడు.

"ఇంకొక్కసారి డాడీ" అంది ఆమె. గోడను కాళ్లతో తన్ని ఇటు తిరిగింది.